ఒంటరిగా తిరిగొచ్చిన జత

ఆ కొండ ఊరికి ఏడాదికి నాలుగు కాలాలు, ఒక్కో కాలానికి ఒక్కో రకం ప్రమాదం. మంచు పడ్డప్పుడు కాళ్ళకు బద్దలు కట్టుకుని వాలు మీద జారవచ్చు. మంచు కరిగాక ఆ నీళ్ళలోనే గాలిపడవ ఎక్కి కొట్టుకుపోవచ్చు. ఎండలు ముదిరితే నడుముకు తాడు బిగించుకుని బండకు వేలాడవచ్చు. ఆకులు రాలే రోజుల్లో ఇవేవీ లేవని వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా, శిఖరం దాకా కాలిబాట ఉంది. ఊరి మొదట్లో "ఏడాది పొడుగునా సాహసం" అని నిలువెత్తు బోర్డు. ఊరివాళ్ళు మాత్రం ఇంటి మెట్లు దిగేటప్పుడు కూడా గోడ పట్టుకుని దిగుతారు. సాహసం వాళ్ళకు సరుకు. మిఠాయి కొట్టువాడు సొంత మిఠాయి నోట్లో వేసుకోడు.

ఈ సాహసాలన్నిటికీ పునాది వేసే మనిషి బూట్ల బాబాయి. ఊళ్ళో ముసలీ ముతకా సహా అందరూ ఆయన్ని బాబాయి అనే పిలుస్తారు కనుక మనం వేరే పేరు వెతకనక్కర్లేదు. ఇంటి ముందు గదే కొట్టు. మూడు గోడలకూ అరలు, అరల్లో కొండ బూట్లు, మడమ మీద తెల్ల రంగుతో నంబర్లు. గది నిండా మైనం, తడి తోలు, పరాయి పాదాలు కలిసిన ఒక వాసన. కొత్తవాళ్ళు గుమ్మంలో ఆగి ఊపిరి బిగబడతారు. బాబాయికి ఆ వాసన లేకపోతే నిద్ర పట్టదు.

కొట్టుకు ఒకటే నియమం, అది బాబాయి తండ్రి పెట్టింది. బూట్లు అద్దెకు తీసుకున్నవాడు తన చెప్పులో, షూసో అక్కడ వదిలి వెళ్ళాలి. డబ్బు బయానా పెడితే మనిషి బూట్లతో సహా ఊరు దాటవచ్చు. సొంత చెప్పుల కోసం ఎంతటివాడైనా తిరిగొస్తాడని ఆ పెద్దాయన సిద్ధాంతం. నాలుగో గోడకు బారుగా ఉండే బల్ల మీద ఊరూరి పాదరక్షలు యజమానుల కోసం ఎదురుచూస్తూ ఉండేవి. బాబాయి తీరిక వేళల్లో వాటి ముందు నిలబడి, మడమల అరుగుదల చూసి మనుషుల గుణగణాలు నిర్ణయించేవాడు. ఆ నిర్ణయాల్లో సగం తప్పయ్యేవి. ఆ లెక్కన ఆయన ఏ జ్యోతిష్కుడికీ తీసిపోయినవాడు కాడు.

ఒక ఆకురాలు కాలంలో, పొద్దున్నే ఒకతను వచ్చాడు. ఆఫీసుకు వెళ్ళే మనిషిలా ఇస్త్రీ చొక్కా, గోధుమరంగు తోలు షూస్. సైజు ఎనిమిది. తన మేజోళ్ళు మడిచి షూస్‌లో పెట్టి, వాటిని బల్ల మీద ముందు వైపు గోడకు ఆనించి ఉంచాడు. వెళ్ళే ముందు ఒక్కటే అడిగాడు.

"పైన గాలి బాగా వేస్తుందాండీ?"

"చెవులు ఎగిరిపోతాయి. టోపీ పెట్టుకెళ్ళండి," అన్నాడు బాబాయి.

అతను నవ్వి, టోపీ లేకుండానే వెళ్ళాడు.

బూట్లు తిరిగొచ్చాయి. మనిషి రాలేదు.

శిఖరానికి కాస్త కింద పీటలా చదునైన పెద్ద బండ ఒకటి ఉంది. దాని మీద, ఎవరింటి గుమ్మం ముందో విడిచినట్టు, బూట్లు రెండూ పక్కపక్కన ఉన్నాయట. బూటు తాళ్ళు నెమ్మదిగా వదులు చేసి ఉన్నాయి. లోపల, కొట్టులో ఇచ్చిన ఉన్ని మేజోళ్ళు మడిచి ఉన్నాయి. బండకు అవతల లోయ. పోలీసులు నడుములకు తాళ్ళు కట్టుకుని లోయలోకి దిగి, మంచు పడేదాకా వెతికారు. మంచు కరిగాక మళ్ళీ వెతికారు. లోయలో ఒక గొడుగు, ఎప్పటిదో పాత పడవ తెడ్డు దొరికాయి. కొండ మీద నుంచి లోయలోకి తెడ్డు ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. అతను మాత్రం దొరకలేదు.

మడమ మీద కొట్టు నంబరు ఉంది కనుక పోలీసులు బూట్లు తెచ్చి బాబాయికి అప్పగించారు. అతని అక్క వచ్చి గోధుమరంగు షూస్ తీసుకుని వెళ్ళింది. బల్ల మీది బూట్ల వైపు ఒకసారి చూసి, "ఇవి మీవే కదా," అంది. అంతే. వ్యాపారరీత్యా చూస్తే ఎక్కడా లోటు లేదు. తాకట్టు విడుదలైంది, సరుకు చేరింది, ఎవరి వస్తువు వాళ్ళకు అందింది. మధ్యలో ఒక మనిషి తగ్గాడు. అది ఏ పద్దులో వేయాలో బాబాయి తండ్రి చెప్పి పోలేదు.

ఆ జతను బాబాయి అటక మీద పెట్టాడు. మర్నాడు పొద్దున తీసి చూస్తే తడిగా ఉంది.

"పైకప్పు కారుతోందండీ. పెంకులవాణ్ణి పిలవండి," అంది పిన్ని. బాబాయి భార్య కనుక ఊరికి ఆవిడ పిన్ని.

పెంకులు మార్పించారు. జత మళ్ళీ తడిసింది. వాన లేదు. వెనక వరండాలో ఎండకు పెట్టారు. సాయంత్రానికి పెళపెళలాడేలా ఆరింది. తెల్లారేసరికి అంచుల దాకా తడి, అడుగు అట్ట కింద పసుపుపచ్చ బంకమట్టి. ఆ మట్టి ఊళ్ళో లేదు. ఎక్కడుందో బాబాయికి తెలుసు. ఆ బండ దారిలో నడిచొచ్చిన ప్రతి జత నుంచీ దాన్నే గోకుతూ ఆయన జుట్టు నెరిసింది.

పిన్ని ధైర్యం గల మనిషి. "దయ్యమైతే ఎదురుగా వచ్చి, నాకిది కావాలి అని అడగాలి. ఇలా రోజూ బూట్లు తడుపుకుంటూ కూర్చునే దయ్యాన్ని నేనెక్కడా వినలేదు," అంది. కానీ ఆ పూట నుంచి వెనక వరండాలోకి ఆవిడ ఒక్కతే వెళ్ళడం మానేసింది.

బాబాయిని తొలిచేది తడి కాదు. అతను ఎందుకు విప్పాడు? జారిపోయేవాడు బూట్లు విప్పి జారడు. కావాలని పోయేవాడు విప్పితే విప్పవచ్చు. కానీ మూడోది ఒకటుంది: బూటు కరిస్తే ఎవరైనా విప్పుతారు. పాదం పొక్కితే, కాసేపు గాలి తగలనిద్దామని విప్పి, నున్నటి బండ మీద ఉత్త కాళ్ళతో లేచి నిలబడితే? ఆ పొద్దున ఆ జతను అతని కాళ్ళకు తొడిగి, బొటనవేలు నొక్కి చూసి, "మీకోసం కుట్టినట్టున్నాయి," అన్నది బాబాయే. ఆ మాట ఆయన ప్రతివాడితోనూ అంటాడు.

విషయం పిన్ని చెవి నుంచి ఆవిడ తమ్ముడి చెవికి చేరింది. బాబాయి బావమరిది ఏటి మీద గాలిపడవలు నడుపుతాడు. ప్రతి సమస్యనూ తెడ్డుతో ఒక తోపు తోస్తే పోతుందని నమ్మినవాడు. బాబాయి కంటి ఆపరేషనుకని కింది ఊరికి వెళ్ళిన వారంలో ఆ తోపు తోశాడు. కొట్టులో ఉన్న ఎనిమిదో సైజు జతలన్నీ మూట కట్టి చర్మకారుడి దగ్గరికి తీసుకెళ్ళి, అన్నిటికీ కొత్త అట్టలు వేయించి, అన్నిటికీ ఒకే నల్లరంగు పట్టించి, మడమల మీద నంబర్లు గీకించి తెచ్చి వరసగా పేర్చాడు.

బాబాయి కంటికి పచ్చ అద్దాలతో తిరిగొచ్చేసరికి బావమరిది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"బావా, దయ్యానికి ఉండేది గుర్తొక్కటే. గుర్తు తీసేస్తే అదేం చేస్తుంది చెప్పు. ఇప్పుడు నువ్వు చూపించు, ఏదో."

బాబాయి అద్దాలు పైకెత్తి చూశాడు. ఆరు జతలు. ఆరూ కవలల్లా ఉన్నాయి. తోలు నిగనిగలాడుతోంది. ఆయన ఒక్కొక్కటే తీసి లోపల చెయ్యి పెట్టాడు. ఆరూ పొడిగా ఉన్నాయి.

"ఒరే," అన్నాడు చివరికి, "ఒక్కటుండేది. ఆరు చేశావు."

మర్నాడూ పొడిగానే ఉన్నాయి. ఆపైనా తడవలేదు. బావమరిది తన వైద్యం గురించి ఊరంతా చెప్పుకున్నాడు. బాబాయికి మాత్రం అసలు భయం అప్పుడు మొదలైంది. తడి ఉన్నన్నాళ్ళూ అతను ఎక్కడున్నాడో తెలిసేది. ఇప్పుడు తెలియదు.

అప్పటినుంచి ఆయన ఎనిమిదో సైజు అద్దెకివ్వడం మానేశాడు. ఆరింటిలో ఏదో ఒకటి, ఎవడో ఒకడి కాళ్ళను ఆ బండ దాకా తీసుకెళ్ళి, అక్కడ మళ్ళీ ఒంటరిగా నిలబడితే? ఇంకో జత మనిషి లేకుండా కొండ దిగి రాకూడదు. ఆయన జీవితాశయం ఆ ఒక్క ముక్కకు కుదించుకుపోయింది.

ఆశయం గొప్పదే. కానీ భూమ్మీద మగాళ్ళలో అధిక భాగం ఎనిమిదో సైజు కాళ్ళతో పుడతారు. ఏడు బిగుతన్నవాడికి తొమ్మిది ఇచ్చి, తొమ్మిది వదులన్నవాడికి రెండో జత మేజోళ్ళిచ్చి, రెండూ కాదన్నవాడికి ఎదురు కొట్టు చూపించేవాడు.

"వెనక అరలో ఉన్నాయిగా, ఎనిమిదివి?" అనేవారు జనం.

"అవి ఇచ్చేవి కావు."

"మరి?"

"ఉంచేవి."

"ఏం ఉంచుతారండీ, ఊరగాయా," అని పిన్ని లోపలి నుంచి గొణిగేది.

అతను పోయిన నాలుగేళ్ళకు మరో ఆకురాలు కాలం వచ్చింది. ఒక పొద్దున యాభై దాటిన ఆవిడ ఒకరు కొట్టులోకి వచ్చి, తన షూస్ విప్పి బల్ల మీద పెట్టి, ముక్కాలిపీట మీద కూర్చుంది.

"ఎనిమిది కావాలండీ."

బాబాయి ఆశ్చర్యంగా ఆవిడ పాదాల వైపు చూశాడు. ఎనిమిదే. సందేహం లేదు.

"ఎనిమిది లేవమ్మా."

"ఆ అరలో కనిపిస్తున్నాయి."

"అవి ఇచ్చేవి కావు."

"మా తమ్ముడికి ఇచ్చారు కదా," అంది ఆవిడ.

బాబాయి చేతిలో మైనం గుడ్డ అలాగే ఉండిపోయింది. షూస్ తీసుకెళ్ళిన అక్క. జుట్టు అప్పటికంటే తెల్లబడింది. లోపలి నుంచి పిన్ని వచ్చి, ఏమీ అడగకుండా టీ గ్లాసు ఆవిడ చేతిలో పెట్టి, తలుపు దగ్గర నిలబడింది.

"వాడి బూట్లే వేసుకుని ఆ బండ దాకా వెళ్ళొద్దామని వచ్చాను," అంది అక్క. "నాలుగేళ్ళ నుంచీ అనుకుంటున్నాను. ఏవో చెప్పండి, వేసుకుంటాను."

చెప్పక తప్పలేదు. బాబాయి తడి సంగతి, పెంకుల సంగతి, బావమరిది సంగతి, ఆరు కవలల సంగతి అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకటే జత ఉండేదండీ. మా ఇంట్లో అందరివీ ఏనుగు పాదాలు. ముందు లేచినవాళ్ళు వేసుకుని బడికి పోయేవాళ్ళు, రెండోవాళ్ళు ఉత్త కాళ్ళతో. వాడెప్పుడూ ఆలస్యంగానే లేచేవాడు." కాళ్ళు ముందుకు చాపింది. "లేచేవాడో, లేవనట్టు పడుకునేవాడో. ఆరూ ఇలా పెట్టండి. చూస్తాను."

బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో జత తొడిగాడు. ఆవిడ లేచి గుమ్మం దాకా నడిచి, వెనక్కి వచ్చి, తల అడ్డంగా ఊపేది. మరో జత. మళ్ళీ గుమ్మం దాకా. నాలుగో జతలో సగం దూరం నడిచి ఆగిపోయింది.

"అవేనా అమ్మా?" అంది పిన్ని తలుపు దగ్గర నుంచి.

"తెలీదు. లోపల చల్లగా ఉంది."

మిగతావి ఆవిడ వేసుకు చూడలేదు. బాబాయి తాళ్ళు కడుతూ అడిగాడు. "మీతో ఎవరొస్తున్నారు?"

"ఎవరూ లేరు."

"ఒంటరిగా ఇవ్వనమ్మా. మామూలుగానే ఇవ్వను, ఒంటరిగా అయితే అస్సలు ఇవ్వను."

"అయితే ఎవర్నైనా పంపండి."

పంపడానికి ఎవరున్నారు? బావమరిదిని పంపితే దారంతా మాట్లాడి ఆవిడ ప్రాణం తీస్తాడు. బాబాయి లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నేనొస్తాను."

"మీరా," అంది పిన్ని. "మేడ మెట్లెక్కితేనే మధ్యలో ఆగి, ఊరు బాగుందే అంటారు. కొండెక్కుతారా?"

"బాగున్నచోటల్లా ఆగుతాను."

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. కొట్టు నిండా బూట్లున్న మనిషికి తనకంటూ కొండ బూట్లు లేవు. ఎన్నడూ ఎక్కలేదు కనుక అవసరం పడలేదు. ఆయన సైజు కూడా ఎనిమిదే. మిగిలిన అయిదు జతల ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, చేతికి తగిలినవి తీసుకున్నాడు. పిన్ని వచ్చి కింద కూర్చుని ఆయన తాళ్ళు తనే బిగించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆ పని చేయడం అదే మొదలు.

"ఏవండీ," అంది ముడి వేస్తూ, "బూట్లు పోయినా ఫరవాలేదు. కాళ్ళు తెండి."

కొండ దారి మొదట్లో పైన్ చెట్లు, ఆ పైన గులకరాళ్ళు, ఆ పైన పసుపుపచ్చ బంకమట్టి. బాబాయి బాగున్నచోటల్లా ఆగాడు, బాగుండనిచోట ఇంకా ఎక్కువసేపు ఆగాడు. ఆగినప్పుడల్లా ఆవిడ కూడా ఆగి, తమ్ముడి గురించి ఒక ముక్క చెప్పేది. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడట. చేసి, "ఏం లేదక్కా, ఊరికే," అనేవాడట.

"కష్టమేదైనా ఉండేదా అమ్మా?"

"ఉంటే చెప్పేవాడు కాదు. లేకపోయినా చెప్పేవాడు కాదు. అందుకే రెంటికీ తేడా తెలీలేదు."

బండ చేరేసరికి ఎండ పచ్చగా ఉంది. బండ వెడల్పుగా, నున్నగా, ఎవరో రోజూ తుడుస్తున్నట్టు శుభ్రంగా ఉంది. అవతల ఏమీ లేదు, గాలి ఉంది. ఆవిడ బండ మీద కూర్చుంది. కూర్చుని తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

"విప్పకండమ్మా."

"ఒక్క నిమిషం. వాడు కూర్చున్నట్టు కూర్చుంటాను."

బూట్లు రెండూ విప్పి పక్కపక్కన పెట్టింది. మేజోళ్ళు మడిచి లోపల పెట్టింది. తను ఏం చేస్తోందో ఆవిడకు తెలిసినట్టు లేదు.

"నాకు తెలియాల్సింది ఒక్కటేనండీ," అంది లోయ వైపు చూస్తూ. "పడ్డాడా, వెళ్ళాడా."

నాలుగేళ్ళుగా నోట్లో నానుతున్న మాట బాబాయి అప్పుడు బయటపెట్టాడు. "బూట్లు కరిచాయేమో అమ్మా. నేనిచ్చినవి. నొప్పెట్టి విప్పాడేమో. ఉత్త కాళ్ళతో జారి..."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. తన పాదాలు ఎత్తి చూపించింది.

"ఇంత దూరం నడిచాను. చూడండి, ఒక్క పొక్కు లేదు. కరిచే బూట్లు కావండీ అవి."

అవే ఆ బూట్లో కాదో ఇద్దరికీ తెలియదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆవిడ లేచింది. ఉత్త కాళ్ళతో అంచు వైపు నడిచింది. ఒకడుగు, మరొకడుగు. బాబాయి పరుగెత్తి పట్టుకుందామంటే బండ నున్నగా ఉంది. ఆయన రాకతోనే ఆవిడ ఉలిక్కిపడితే? ప్రాణం మీదకొచ్చిన ఆ క్షణంలో ఆయనకు దొరికింది కొట్టులో వాడే గొంతొక్కటే.

"అమ్మా, అద్దె బూట్లు కొండ మీద విప్పకూడదు. కొట్టు రూలు."

ఆవిడ ఆగింది. వెనక్కి తిరగలేదు. "అలాంటి రూలుందా?"

"ఇప్పుడే పెట్టాను."

గాలికి ఆవిడ భుజాలు కదిలాయో, నవ్విందో తెలియలేదు. కిందికి చూసి, "ఒరేయ్," అని పిలిచింది. ఆలస్యంగా లేచేవాణ్ణి బడి వేళకు లేపినట్టు, ఒక్కసారే.

ఆ లోయలో దగ్గినా రెండుసార్లు తిరిగొస్తుంది. చప్పట్లు కొడితే చప్పట్లు, తిడితే తిట్లు. పట్నంవాళ్ళు అందుకోసమే అంత దూరం వచ్చి అరిచి పోతారు. ఆవిడ పిలుపు తిరిగి రాలేదు. ఎవరో అందుకున్నట్టు, అక్కడే ఆగిపోయింది.

ఇద్దరూ కాసేపు విన్నారు. ఆ తర్వాత ఆవిడ మెల్లగా వెనక్కి నడిచి వచ్చి బండ మీద కూర్చుని, పాదం ముందుకు చాపింది. బాబాయి మేజోడు తొడిగి, బూటు తొడిగి, తాడు బిగించి, రెండు ముళ్ళు వేశాడు. అవి చాలవనిపించి మూడో ముడి కూడా వేశాడు.

దిగేటప్పుడు ఆవిడ ముందు, బాబాయి వెనక. బంకమట్టి దాటి గులకరాళ్ళలోకి వచ్చారు. కొత్త అట్టలు రాళ్ళ మీద కరకరమంటున్నాయి. నాలుగు బూట్ల చప్పుడు. ఆ చప్పుడు సద్దుమణిగిన చోట్ల, తన వెనక, మరో చప్పుడు ఉందని బాబాయి గ్రహించాడు. గట్టిగా లేదు. రాయికి తోలు తగిలే చప్పుడు కాదది. మడమ ఎలా అరిగిందో పొరబడవచ్చు గానీ, కింద అట్ట ఉన్న పాదానికీ ఉత్త పాదానికీ తేడా పట్టడంలో ఆయన పొరబడడు.

ఆయన వెనక్కి చూడలేదు. పరుగెత్తాలనిపించింది, ఆ వయసులో, ఆ వాలులో, పరుగెత్తేవాడే. కానీ గులకరాళ్ళు పదునెక్కిన చోట ఆ వెనక చప్పుడు తడబడింది. ఆగింది. ఎక్కడ అడుగు వెయ్యాలో వెతుక్కుంటున్నట్టు, మళ్ళీ ఒక్కటి, ఆగి, మళ్ళీ ఒక్కటి.

బాబాయి నడక తగ్గించాడు.

ముందు నడుస్తున్న అక్క తిరిగి చూసింది. "ఆయాసంగా ఉందా?"

"లేదమ్మా. ఇక్కడ రాళ్ళు గుచ్చుకుంటాయి."

ఆవిడ బాబాయి బూట్ల కింది మందపాటి కొత్త అట్టల వైపు చూసింది. తల ఎత్తి ఆయన భుజం మీదుగా, ఖాళీగా ఉన్న దారి వైపు చూసింది. ముందుకు తిరిగి, తను కూడా అడుగు చిన్నది చేసి, దారిలో ఉన్న మొనదేలిన రాళ్ళను ఒక్కొక్కటే కాలితో పక్కకు నెడుతూ దిగసాగింది.